నీలవేణికి చెవులెలా మొలిచాయి

ముందే ఒప్పుకుంటున్నాను. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. చెంచాడు చాలన్న చోట గరిటెడు వడ్డిస్తాను. నేను బజారుకెళ్లి వచ్చి అక్కడి సంగతులు చెబితే మా ఆవిడ అందులో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ ఒకసారి జల్లెడ పట్టి, అప్పుడు నమ్ముతుంది. చదివేవారు కూడా అదే పద్ధతి పాటించవచ్చు. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఈ వ్యాసంలో నేను దాదాపు అన్నీ పెంచాను, ఒక్కటి మాత్రం కల్పించాను. అది ఏదో చివర చెబుతాను.

హైదరాబాదు శివార్లలో ప్లాస్టిక్ ఇంటి సామాన్లు చేసే ఒక కంపెనీలో డిజైన్ ఇంజినీరుగా పనిచేసి, ఏభై దాటగానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. బకెట్లు, మగ్గులు, స్నానాల పీటలు, పప్పుల డబ్బాలు, అన్నిటికన్నా ఎక్కువగా బిందెలు నా పెన్సిలు కింద నుంచి బయటికొచ్చాయి. పెళ్లిచూపుల్లో మా పెదనాన్న గొంతు సవరించుకుని ‘మావాడు బిందెలు గీస్తాడు’ అనగానే అవతలివాళ్లు టీ కప్పులు కింద పెట్టేశారు. బిందెను ఒకరు గీయడమేమిటి, బిందె బిందెలా ఉంటుంది కదా అని వాళ్ల అనుమానం. ఆ అనుమానం చాలామందికి ఉంది. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

2004 ఎండాకాలం మొదట్లో నన్ను వనపర్తి దగ్గరి ఆత్మకూరు పంపించారు. అప్పట్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. మా కంపెనీ భాషలో ఆ మూడూ కలిపి ఒక ‘ఏరియా’. ఏరియా అంటే ఒక సేల్స్ ఆఫీసరు, ఒక మోటారు సైకిలు, మిగిలినదంతా దుమ్ము. డిజైన్ వాళ్లను ఏరియాకు పంపే ఆనవాయితీ లేదు. సరుకు మీద ఫిర్యాదు వస్తే సేల్స్ వాళ్లు ప్రొడక్షన్ వాళ్లను అంటారు, ప్రొడక్షన్ వాళ్లు డిజైన్ వాళ్లను అంటారు, డిజైన్ వాళ్లం వస్తువు వాడేవాళ్లను అంటాం. వాడేవాళ్లకు కింద ఎవరూ లేరు గనుక ఫిర్యాదు అక్కడ ఆగుతుంది. ఈసారి ఆగలేదు.

మా వర్క్స్ మేనేజరు గారు తుమ్మితే షెడ్డులో మెషీన్లు వాటంతటవే ఆగిపోయేవి. ఆయన నన్ను గదికి పిలిపించి, కుర్చీ చూపించకుండానే విషయం చెప్పారు. ఆత్మకూరులో ఒకే దుకాణం నుంచి నీలవేణి బిందెలు పగిలి వాపసు వస్తున్నాయి. వెళ్లి చూడు. తప్పు బిందెదైతే ఆ మోడల్ ఆపేద్దాం, దుకాణానిదైతే డీలర్‌షిప్ తీసేద్దాం. మూడో మాట నాకు చెప్పకు. ఆయన చెప్పింది ఇంతే. ఆయన చెప్పనిది ఒక్కటే, నీలవేణిని గీసింది నేనే.

నీలవేణి గురించి కొంచెం చెప్పాలి. ప్లాస్టిక్ బిందెను ‘బ్లో మోల్డింగ్’ అనే పద్ధతిలో చేస్తారు. కరిగిన ప్లాస్టిక్ మెషీను నోట్లోంచి మెత్తని గొట్టంలా, పొట్లకాయలా కిందికి దిగుతుంది. రెండు ముక్కల ఉక్కు అచ్చు దాన్ని మధ్యలో పట్టుకుని మూసుకుంటుంది. లోపలికి గాలి ఊదితే గొట్టం ఉబ్బి అచ్చు గోడలకు అతుక్కుంటుంది. చల్లారాక అచ్చు తెరిస్తే బిందె. రెండు ముక్కలూ కలిసిన చోట పై నుంచి కింది దాకా ఒక సన్నని గీత మిగులుతుంది. దాన్ని మేం ‘పార్టింగ్ లైన్’ అంటాం. మీ ఇంట్లో ప్లాస్టిక్ బిందె ఉంటే వేలితో తడిమి చూడండి, తగులుతుంది.

ఆ రోజుల్లో బజార్లో ప్లాస్టిక్ బిందెలు రకరకాల రంగుల్లో, చారలూ మచ్చలూ కలగలిసి వచ్చేవి. నేను అలా కాదన్నాను. ఒకే రూపం, ఒకే నీలం. ఏ ఊళ్లో, ఏ ఇంటి ముందు కనబడినా అది మా బిందేనని దూరం నుంచే తెలియాలి. ప్రొడక్షన్ వాళ్లు కూడా సంతోషించారు, ఎందుకంటే రంగు మార్చిన ప్రతిసారీ మెషీను కడుపు కడగాలి, బోలెడు సరుకు వృథా. పరీక్షలన్నీ పెట్టాం. నీళ్లు నింపి మేడ మీది నుంచి పడేస్తే బిందెకు ఏమీ కాలేదు, కింద వాచ్‌మన్ కుర్చీ విరిగింది. ఎండలో పెట్టాం, మీద ఇద్దరం ఎక్కి నిలబడ్డాం. నీలవేణి చెక్కుచెదరలేదు. అలాంటి బిందె ఆత్మకూరులో పగిలిందంటే ఆ ఊరివాళ్లు దాన్ని ఏనుగులతో తొక్కించి ఉండాలనుకున్నాను.

వనపర్తి నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సు దిగాక, దుకాణం ఎక్కడని ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. నీలం రంగు కొండ ఒకటి కనిపించింది. పక్క ఊరు అమరచింత నుంచి చూసినా కనబడేంత కొండ. పగిలిన నీలవేణులన్నీ దుకాణం ముందు పోసి ఉన్నాయి, వాటి వెనక ఎత్తు పీట మీద చంద్రమ్మ కూర్చుని ఉంది.

చంద్రమ్మకు అప్పుడు నలభై ఐదుకు అటూ ఇటూ ఉంటుంది. పెద్ద చెవి కమ్మలు, అంతకన్నా పెద్ద గొంతు. ఒకప్పుడు నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా తిరిగి పాతబట్టలకు గిన్నెలు మార్చేది. ఎర్రటి ఎండలో అలా తిరిగీ తిరిగీ కూడబెట్టి బస్టాండు సందులో ఈ పాత్రల దుకాణం పెట్టింది. ఆమె బేరమంతా మాట మీద నడిచేది. ఏడాదిలోపు బిందె కారితే తెచ్చి నా దుకాణం ముందు పారేయండి, కొత్తది పట్టుకుపోండి అని చెప్పి అమ్మింది. ఆ మాట మా కంపెనీ ఇచ్చింది కాదు, ఆమె సొంతం. ఆ మాట నమ్మే సగం ఊరు నీలవేణి కొన్నది. ఇప్పుడు సగం ఊరూ ఆమె ముందు పారేస్తోంది.

ఆమె బాధ నాకు చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. నన్ను తిడుతుందని తయారై వచ్చాను. తిట్టలేదు, నీళ్లిచ్చింది. తర్వాత అన్నది:

“వైశాఖంల పెండ్లిళ్లున్నయి సారూ. బిందె కారినోళ్ల దుకాణంల పెండ్లి సామాను ఎవలు కొంటరు? ఈ పెండ్లిళ్లు పోతే మళ్ల గంపనే నాకు. జర సూడు, ఏమైందో.”

పెళ్లి సామాను అంటే అత్తారింటికి వెళ్లే పిల్లతో పంపే గిన్నెలు, చెంబులు, కాగులు. పాత్రల దుకాణానికి ఏడాది తిండి ఆ ఒక్క సీజన్ మీదే.

పగిలిన బిందెలు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. వింత ఏమిటంటే అన్నీ ఒకే చోట పగిలాయి. అంచుకు కాస్త కింద, మెడ సన్నబడే చోట, చుట్టూ సన్నని గాటు, ఆ గాటు వెంట పగులు. ఎవరో నా నీలవేణికి ఉరి వేసినట్టుంది. అడుగున గీత లేదు, పొట్టకు దెబ్బ లేదు. ఇది మెడ పలచబడిన లోపమే అని వెంటనే తేల్చేశాను. నాకు తేల్చడమంటే మహా సరదా. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, మెడ దగ్గర ప్లాస్టిక్ ఎక్కువ దిగేలా మెషీను సరిచేయించి, బలమైన మెడలతో ఒక లోడు తెప్పించాను. పహిల్వాను మెడలవి. చంద్రమ్మ పగిలిన వాటికి బదులు అవి ఇచ్చింది. నేను విజయగర్వంతో హైదరాబాదు వెళ్లాను. ఉగాది పచ్చడి అరిగేలోపే ఫోను వచ్చింది. పహిల్వాన్లకు కూడా ఉరి పడింది.

మళ్లీ ఆత్మకూరు. ఈసారి వాడేవాళ్లనే అడుగుదామని దుకాణానికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ పట్టుకుని, బిందెకు మీరు ఏం చేస్తారని అడిగాను. నీళ్లు తెస్తమన్నారు. ఇంకా ఏం చేస్తారు? నీళ్లు పోస్తమన్నారు. ఇంకా? ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, బిందెకు ఇంకేం చేస్తరు సారూ, పెండ్లి చేస్తరా అన్నది. ఆ రోజు దుకాణం ముందు నవ్విన నవ్వులకు జూరాల ప్రాజెక్టు గేట్లు వాటంతటవే లేచి ఉంటాయి.

మర్నాడు పొద్దున్నే వనపర్తి బస్సు ఎక్కి తిరిగి పోదామని బయల్దేరాను. తప్పు బిందెదే అని రాసి, నీలవేణిని ఆపేయించి, వేరే ఉద్యోగం వెతుక్కుందామని నిర్ణయం. బస్టాండుకు అడ్డదారిలో వెళ్తుంటే మార్కెట్ గోడ వెంట ఒక వరస కనిపించింది. మనుషుల వరస కాదు, బిందెల వరస. నీళ్ల ట్యాంకరు ఆగే చోటి నుంచి మొదలై, గోడ మలుపు తిరిగి, సందు దాటి, నా లెక్క ప్రకారం గద్వాల దాకా పోయింది. ఒక్క మనిషి లేడు. దాదాపు అన్నీ నీలవేణులే.

అంత అందమైన దృశ్యం నా ఉద్యోగంలో ముందూ వెనకా చూడలేదు. నేను గీసిన నీలం ఊరంతా పారుతోంది. కళ్లు చెమర్చాయనుకోండి. దగ్గరికి వెళ్లాక గాని తెలియలేదు, ఆ బిందెల మెడల్లో ఏదో ఒకటి వేలాడుతోంది. ఒకదానికి ఎర్రగాజు, ఒకదానికి రబ్బరు ట్యూబు ముక్క, ఒకదానికి విరిగిన దువ్వెన, ఒకదానికి గద్వాల చీర అంచు పీలిక. మరొకదానికి బర్రె మెడలో కట్టే గంట. గంట బిందెను ఊరికే వేలితో తాకానో లేదో అది గణగణమన్నది. ఎదురింటి అరుగు మీద పల్లికాయలు వలుస్తున్న ముసలమ్మ తలెత్తి నన్ను చూసింది, దొంగను చూసినట్టే.

ఈ బిందెలవాళ్లంతా ఎక్కడికి పోయారని అడిగాను.

“బిందెలున్నయి గద సారూ,” అన్నది. “మనుషులెందుకు?”

ఆ ఊరి పద్ధతి అప్పుడు తెలిసింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ట్యాంకరుకే తెలియదు. అంతసేపు ఎవరు నిలబడతారు? తెల్లారకముందే బిందె తెచ్చి వరసలో పెట్టి, చేనుకో కూలికో పోతారు. బిందె ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. దాని వంతు మనిషి వంతే. ఆ మర్యాద ఎవరూ తప్పరు. కాని దానికి ఒక షరతు, ఏ బిందె ఎవరిదో తెలియాలి. ఇదివరకు ఇబ్బంది ఉండేది కాదు. స్టీలు బిందె మీద పేరు కొట్టించి ఉండేది, ప్లాస్టిక్ బిందెలు తలో రంగులో ఉండేవి. నేను వచ్చి ఊరంతటికీ ఒకే రంగు, ఒకే రూపం ఇచ్చాను. దూరం నుంచి చూసినా మా బిందేనని తెలియాలన్నాను కదా. తెలిసింది. ఎవరి బిందో మాత్రం దగ్గరికెళ్లినా తెలియలేదు. రంగు పూసి చూశారట. ఆ రకం ప్లాస్టిక్ మీద రంగు నిలవదు, రెండు రోజుల్లో పెచ్చులూడుతుంది. గుడ్డపేలిక కడితే నానిపోయి ఊడింది. చివరికి ఇనుప తీగతో మెడ చుట్టూ బిగించి, దానికి గుర్తు తగిలించారు.

తీగ చూశాను గాని, అప్పటికీ నా బుర్రకు పూర్తిగా ఎక్కలేదు. ఎక్కించడానికి ఇద్దరు యారాండ్లు కావాల్సి వచ్చింది. యారాండ్లంటే తోడికోడళ్లు. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. పెద్దామె నాగమ్మ, చిన్నామె సుజాత. ట్యాంకరు వచ్చింది, జనం నేలలోంచి మొలిచినట్టు వచ్చారు, నీళ్లు నిండాయి. వాళ్ల రెండు బిందెల్లో ఒకదాన్ని ఆ గందరగోళంలో ఎవరో తమదనుకుని ఎత్తుకుపోయారు. మిగిలిన నిండు బిందెను ఇద్దరూ చెరో వైపు మెడ దగ్గర పట్టుకున్నారు.

“ఇడువక్కా, ఇది నాది. గాజు కనపడ్తలేదా?”

“గాజు నాదే. మొన్న నీ చేతికెట్లొచ్చిందో నువ్వే చెప్పు.”

“నీ గాజు నాకెందుకు, నాకు గాజుల్లేవా?”

చుట్టూ ఉన్నవాళ్లు వినోదం చూస్తున్నారు. నేను మాత్రం వాళ్ల వేళ్ల కింద తీగను చూస్తున్నాను. నిండు బిందె బరువంతా ఆ మెడ మీద పడింది, మెడ మీద పడిందంతా ఆ సన్నని తీగ కిందికి చేరింది. మా వృత్తిలో ఇది మొదటి పాఠం. బరువు పరుచుకున్నంతసేపూ వస్తువు మోస్తుంది, ఒక గాటు దగ్గర పోగైతే తెగుతుంది. పాఠం నాకు తెలుసు. పుస్తకంలో చదివి, పరీక్ష రాసి, పాసై, మరిచిపోయాను. టప్పున శబ్దమైంది. మెడ ఇద్దరి చేతుల్లో మిగిలింది, బిందె కింద పడింది, నీళ్లు నా బూట్లలోకి వచ్చాయి.

ఆ తర్వాత జరిగింది అన్నిటికన్నా ముఖ్యం. చిన్నామె సుజాత ఏమీ ఎరగనట్టు ఆ మెడకున్న తీగ విప్పింది, గాజును కొంగున ముడేసుకుంది, పగిలిన బిందె చంకనెత్తుకుని, చంద్రమ్మ దగ్గరికి పోదాం పా అక్కా, కొత్తదిస్తదన్నది. ఇద్దరూ కలిసి, అంతకుముందు గొడవే పడనట్టు బయల్దేరారు. దుకాణం ముందు కొండలో నేను చూసిన బిందెలన్నీ ఇలాగే తీగ విప్పేశాక వచ్చినవి. దాచడానికి కాదు, గుర్తు వాళ్లది కాబట్టి. కొత్త బిందెకు మళ్లీ కావాలి.

పరుగున వెళ్లి వాళ్లను ఆపి, ఈ తీగ సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను. నాగమ్మ నన్ను జాలిగా చూసింది.

“బిందెకేం జేస్తరని అడిగినవ్. గది బిందెకు జేసుడు గాదు గద సారూ. గది మా గుర్తు.”

దుకాణానికి వచ్చి చంద్రమ్మకు అంతా చెప్పాను. తీగ కట్టే సంగతి ఆమెకూ తెలుసు. ఊళ్లో అందరికీ తెలిసిన విషయం గనుకే ఎవరూ నాకు చెప్పలేదు. దాన్ని పగులుతో కలిపి ఆమె ఆలోచించలేదు, అంతే. మా పరిభాషలో దీన్ని ‘మిస్‌యూజ్’ అంటారు. వస్తువును చేయరాని విధంగా వాడటమన్నమాట. ఆ ఒక్క ముక్క రాస్తే కంపెనీ బాధ్యత తీరిపోతుంది, నీలవేణి బతుకుతుంది, నా ఉద్యోగమూ ఉంటుంది. చంద్రమ్మకు కూడా దారి ఉంది. తీగ కట్టిన బిందెలకు నా మాట వర్తించదని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ సలహా నేనే ఇచ్చాను. ఆమె పీట దిగింది. సుజాత తెచ్చిన పగిలిన బిందెను కొండ మీద పెట్టి వచ్చి కూర్చుంది.

“తీగె కట్టొద్దని నేను చెప్పిన్నా? కారితే ఇస్తనన్న. కారింది. ఇయ్యాలె.”

యారాండ్లకు ఒక కొత్త బిందె ఇచ్చి పంపింది. అది ఆమె దగ్గరున్న కొత్త నీలవేణుల్లో ఆఖరిది. ఇక మిస్‌యూజ్ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. తీగ కట్టకుండా వాళ్లను ఆపలేను, కడితే మెడ ఆగదు. బిందె మోసేది కొద్దిసేపే. మిగిలిన సమయమంతా అది మనిషి తరఫున వరసలో నిలబడుతుంది. నేను మోయడానికి గీశాను, నిలబడటానికి గీయలేదు.

పరిష్కారం ఏమిటి? మొదట నాకు గొప్ప గొప్ప ఆలోచనలు వచ్చాయి. బిందెకో నంబరు, ఇంటికో రంగు, అంచు మీద చీకట్లో మెరిసే పేరు. ఒక దశలో బిందెకు తాళం కూడా గీశాను. చంద్రమ్మ చూసి, దీనికి తాళమేసి చెవి ఏడ పెట్టుకోవాలె, ఇంకో బిందెలనా అన్నది. కాగితాలన్నీ నలిపి పారేసి తల పట్టుకుని కూర్చున్నాను. ఆమె గిరాకీతో మాట్లాడుతూ తల ఊపుతోంది. ఊపినప్పుడల్లా ఆ చెవి కమ్మలు ఊగుతున్నాయి. ఒక్కో కమ్మ పెసరపప్పు పొట్లమంత ఉంటుంది. అంత బరువు ఏళ్ల తరబడి వేలాడుతున్నా మనిషి మెడకు ఏమీ కాలేదు. కమ్మ బరువు చెవి తమ్మె దగ్గరే ఆగిపోతుంది, మెడ దాకా రాదు. తల పని తలది, చెవి పని చెవిది.

నీలవేణికి కావలసింది కూడా ఒక చెవి. మెడ మీద కాదు, భుజం దగ్గర, చెయ్యి పట్టని చోట, బరువు పడని చోట బొటనవేలంత దళసరి తమ్మె, దానికొక రంధ్రం. గాజు కట్టుకున్నా గంట కట్టుకున్నా మెడకు సంబంధం ఉండదు. అచ్చు మూసుకునేటప్పుడు పార్టింగ్ లైన్ దగ్గర ప్లాస్టిక్ ఎలాగూ నలిగి బయటికొస్తుంది. మామూలుగా దాన్ని కోసి పారేస్తాం. కోయకుండా అక్కడే చెవిగా నొక్కితే సరిపోతుంది. పారేసేదే పనికొస్తుంది.

మేనేజరు గారికి చెప్పాను. తప్పు బిందెదా, దుకాణానిదా అని అడిగారు. రెండూ కాదు, మూడోది అన్నాను. తుమ్ముతారేమోనని భయపడ్డాను గాని, తుమ్మలేదు. ఉక్కు అచ్చును మళ్లీ కోయడం చిన్న పని కాదు, కోత తప్పితే అచ్చు పోతుంది. అందుకని ముందు కొన్ని నీలవేణులకు చేత్తో ఒక్కో చెవి అతికించి, ఆత్మకూరులో వాడి చూపించమన్నారు. అవి నిలిస్తే అచ్చు కోద్దాం, లేదంటే మోడల్ ఆపేద్దామన్నారు. షెడ్డులో వేడిగాలితో ప్లాస్టిక్ అతికించే పని ఉంది, ఆ పనివాళ్లు నా బిందెలకు చెవులు కుట్టారు. పసిపిల్లల చెవులు కుట్టించిన మేనమామలా పక్కనే నిలబడ్డాను.

బిందెలు ఆత్మకూరు చేరేసరికి పెళ్లి ముహూర్తాలు దగ్గర పడ్డాయి. చంద్రమ్మ దుకాణానికి గిరాకీ లేదు. ఆడవాళ్లు ఆగి, కొండను చూసి, ముందుకు పోతున్నారు. ఆమె నన్ను ఒక్కటే అడిగింది, ఇవి నిలుస్తాయా అని. నిలుస్తాయన్నాను. ఇలా రెండోసారి చెబుతున్నానని ఇద్దరికీ తెలుసు. పహిల్వాన్లప్పుడు కూడా ఇదే గొంతుతో అన్నాను. అప్పుడామె ఎత్తు పీట దిగి, వీధిలోకి వచ్చి, ట్యాంకరు కోసం వచ్చిన ఆడవాళ్లందరినీ పిలిచింది.

“జర ఇనుండ్రి. గుర్తులన్నీ ఈ చెవికి కట్టుండ్రి, మెడకు గాదు. ఇది గూడ కారితే బిందె గాదు, దుకాణమే మీకిడిసిపెట్టి గంపెత్తుకుంట. చంద్రమ్మ మాట.”

ఆడవాళ్లు బిందెల చెవులు లాగి చూశారు. కాసేపటికి గంట బిందె యజమానురాలు ముందుకొచ్చి ఒకటి తీసుకుంది. ఆ చెవికి అక్కడే గంట కట్టి, ఊపి చూసి, మంచిగనే మోగుతుందన్నది. యారాండ్లు కూడా వచ్చారు. పోయిన బిందె దొరకలేదు, పగిలినదానికి బదులు వచ్చిన బిందె ఇద్దరికీ పొత్తు. అందుకని చంద్రమ్మ వాళ్లకు చెవి బిందె ఒక్కటే ఇచ్చి, పాతది తీసుకుంది.

ప్రయోగంగా ఇచ్చిన బిందెలు వేసవి ముగిసేదాకా వాడుకలో ఉన్నాయి. మెడ దగ్గర పగులు కనిపించలేదు. ఒక్క బిందె కూడా దుకాణానికి తిరిగి రాలేదు. ఆ ఫలితం ఆధారంగా అచ్చులో మార్పునకు అనుమతి లభించింది. మార్పు సమయంలో, చెవి ఒకే వైపు ఉంటే అచ్చు మూసుకునేటప్పుడు ఒత్తిడి సమానంగా పడదని నేను గమనించాను. బిగింపు సమతుల్యత కోసం, రూపంలో సౌష్ఠవం కోసం, పార్టింగ్ లైన్‌కు రెండు కొసలా రెండు చెవులు ఏర్పాటు చేయాలని ప్రతిపాదించాను. ప్రతిపాదన ఆమోదం పొందింది.

రెండు చెవుల నీలవేణి ఆ తర్వాత గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో దొరికింది. నీలవేణి అనే పేరు ఎవరూ పలకలేదు. కమ్మల బిందె అన్నారు. కృష్ణ ఒడ్డున సోమశిలకు వెళ్లినప్పుడు పడవ రేవు దగ్గర కూడా ఒకటి చూశాను, దాని చెవులకు నిజంగానే పాత కమ్మలున్నాయి. చంద్రమ్మ దుకాణం వైశాఖంలో నిలబడింది. పెళ్లి సామానుతో పాటు ఒక కమ్మల బిందె ఇవ్వడం అక్కడ వాడుకగా మారింది. కొత్త కోడలు అత్తారి వీధి వరసలో పెట్టే మొదటి బిందెకు పుట్టింటి గుర్తు కట్టి పంపేవారు. కొండ కరిగించడానికి మా లారీ వచ్చింది. పాత బిందెలు ముక్కలై, కరిగి, మళ్లీ బిందెలయ్యాయి. మేనేజరు గారు నన్ను కూర్చోమన్నారు. మా కంపెనీలో అదే ప్రమోషన్.

ఇక కల్పన సంగతి. కొండ అమరచింత నుంచి కనబడేది కాదు, నా భుజం దాకా ఉండేది. వరస గద్వాల దాకా పోలేదు, గోడ మలుపు దాకా పోయింది. అవన్నీ పెంచినవి. బర్రె గంట నిజం, గాజు నిజం, నా బూట్లలో నీళ్లు నిజం. నేను కల్పించింది ఆ బిగింపు సమతుల్యత పేరా. ఇంత వ్యాసంలో ఒక్క అతిశయోక్తి లేకుండా, ఆఫీసు కాగితంలా రాసింది అదొక్కటే, అబద్ధమూ అదే. మేనేజరు గారికి కూడా అప్పట్లో అలాగే చెప్పాను. ఆయన తల ఊపారు. అచ్చు ఒక చెవితో కూడా బ్రహ్మాండంగా మూసుకునేది.

నిజానికి ఒక బిందె వాపసు వచ్చింది. యారాండ్లిద్దరూ దాన్ని చెరో వైపు పట్టుకుని దుకాణం మెట్లెక్కుతుంటే చంద్రమ్మ ముఖం తెల్లబోయింది. నేనక్కడే ఉన్నాను, నా ముఖం నాకు కనబడలేదు గాని అదీ అంతే అయి ఉంటుంది. ఎక్కడ కారుతోందని ఆమె అడిగింది.

“కారుతలేదు,” అన్నది సుజాత. “మంచిగనే ఉంది. గాని చెవి ఒక్కటే ఉంది, మేం ఇద్దరమున్నం.”

రెండో చెవి అందుకు వచ్చింది. ఒక వస్తువును గీసేముందు అది ఏం పని చేస్తుందని అడగడం మాకు నేర్పారు. పని లేనప్పుడు అది ఎక్కడుంటుంది, ఎవరి తరఫున ఉంటుంది, ఎంతమందికి చెందుతుంది అని కూడా అడగాలని ఆత్మకూరులో తెలిసింది. ఆ తర్వాత గీసిన ప్రతి వస్తువుకూ ఆ మూడు ప్రశ్నలు వేశాను. కొన్నిటికి జవాబు దొరికింది.